సిరా అన్న మాట

మా ఇంట్లో సిరా అంటే గూట్లో ఉండే సిరాబుడ్డి. మావారు డ్యూటీ కాగితాలకూ, ఇంటికి రాసే ఉత్తరాలకూ వాడేవారు. పిల్లలు దాని జోలికి వెళ్తే దెబ్బలు పడేవి. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు రాయపూర్‌లో తెలిసింది, ముగ్గురు పిల్లల్ని ముస్తాబు చేసి గుమ్మంలో కూర్చున్న ఒక కార్తీక సోమవారం నాడు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. మా నాన్న వీధి అరుగు మీద ఇసక పోసి, వేలు పట్టుకుని దిద్దించారు. పురాణం చదువుకోవడానికీ, క్షేమంగా ఉన్నామని ఒక కార్డు రాయడానికీ ఆ చదువు చాలు. అంతమాత్రం ఇచ్చినందుకే ఇప్పటికీ పుస్తకం తెరిచినప్పుడల్లా ఆయన్ను తలుచుకుంటాను. కాని అది తెలుగు చదువు. పెళ్ళయి ఆ ఊరు వచ్చాక నా చదువు మా గుమ్మం దాటేది కాదు. రైల్వే కాలనీలో మా వరసలో నాలుగైదు ఇళ్ళు మనవాళ్ళవే; విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి పట్టాల వెంట వచ్చి అక్కడ ఆగినవాళ్ళు. కాలనీ దాటితే అంతా ఛత్తీస్‌గఢీ. మావారు గూడ్సు బండి గార్డు కనుక ఆయనకు హిందీ ధారాళంగా వచ్చేది. నాకు పాలు పోయించుకోవడానికీ, కూర బేరమాడటానికీ సరిపడా వచ్చేది, అదీ సగం చేతులతో.

ఆ ఏడు వర్షాలకు మా పెద్దపిల్లకు జ్వరం పట్టుకుంది. దానికి అయిదు నిండలేదు. మూడు వారాలు విడవలేదు. డాక్టరుగారు వచ్చి చూసేవారు, మందు ఇచ్చేవారు, భరోసా మాత్రం ఇచ్చేవారు కారు. ఒక మధ్యాహ్నం అది నా ముఖంలోకి చూసి, “అమ్మేదీ?” అని నన్నే అడిగింది. దాని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, ఈ పిల్ల లేచి తిరిగితే కార్తీకం వెళ్ళేలోగా దీని చేత్తోనే నదిలో దీపం వదిలిస్తాను స్వామీ అని మొక్కుకున్నాను. పక్కనున్న చిన్నవాళ్ళకు కూడా వినపడనంత నెమ్మదిగా అనుకున్న మాట అది.

లేచింది. జుట్టంతా రాలిపోయి, కాళ్ళు పుల్లల్లా అయి, గోడ పట్టుకుని లేచింది. అంతకన్నా నాకు కావలసిందేముంది? ఆ సంతోషంలో మొక్కు సంగతి అత్తగారికి ఉత్తరం రాశాను. రాయకుండా ఉండవలసింది. అక్కణ్ణించి ఆవిడ ప్రతి కార్డు చివరా ఒకటే మాట రాయించేవారు: ‘మొక్కు మరువకు. మరిస్తే పిల్లకే చుట్టుకుంటుంది.’ ఆవిడ రాయించకపోయినా ఆ భయం నాకు ఉంది. రాయించాక రెండింతలయింది.

ఖారున్ నది మా ఇంటికి నాలుగైదు మైళ్ళు. మహాదేవ్ ఘాట్ దగ్గర కార్తీక పున్నమికి పెద్ద తీర్థం జరుగుతుంది, వాళ్ళు పున్నీ మేళా అంటారు. రంగులరాట్నాలు, మిఠాయి కొట్లు, ఎక్కడెక్కడి పల్లెల నుంచో ఎడ్లబళ్ళు. పున్నమి నాటి తొక్కిసలాటలోకి, ఇంకా కాళ్ళు నిలవని పిల్లను తీసుకెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు. కార్తీకం ఉన్నన్నాళ్ళూ తీర్థం ఉంటుందనే అనుకున్నాను. అందుకని ఎన్ని రోజులు గడువు దొరికితే అన్ని రోజులు బలం పట్టనిచ్చి, ఆఖరి సోమవారం నాడు వెళ్దామని నిశ్చయించాను. మావారు కూడా ఆ రోజుకి సెలవు అడిగి పెట్టుకున్నారు.

మాకు పాలు పోసే ఆవిణ్ణి రౌతాయిన్ అని పిలిచేవాళ్ళం. అక్కడ పాడి చేసుకునే ఇళ్ళ ఆడవాళ్ళను అలాగే పిలుస్తారు. నాకన్నా పదేళ్ళు పెద్దది. చేతులకు మోచేతి దాకా పచ్చబొట్లు, ఇంత లావు వెండి కడియాలు. వాళ్ళాయనకు ఎడ్లబండి ఉంది. దీపావళి వెళ్ళిన మర్నాడే ఆవిణ్ణి పట్టుకుని, “కాతిక్ కా ఆఖిరీ సోమ్‌వార్. గాడీ. మహాదేవ్ ఘాట్” అని చెప్పి, ముగ్గురు పిల్లల్ని వేలితో చూపించాను.

“హవ్ బాయీ” అంది. అంటే సరేనని. అంతటితో ఒక బరువు దిగిందనుకున్నాను.

పున్నమి బుధవారం పడింది. దానికి రెండు రోజుల ముందు, సోమవారం పొద్దున, నేను దూరంగా ఉన్నాను. మూడు రోజులు వెనక వసారాలో చాప మీద, ఏదీ ముట్టుకోకుండా. మావారు వంటింట్లో పప్పు మాడబెడుతున్నారు. అప్పుడు వీధిలో ఎడ్ల గంటలు వినిపించాయి.

“ఏమే, నీ బండి వచ్చేసింది!” అని ఆయన వీధి గుమ్మం లోంచి కేకేశారు.

“ఇవాళేటండీ? ఆఖరి సోమవారం కదా చెప్పేను!” అని నేను వసారాలోంచి అరిచాను.

ఆయన బండివాడితో, “అరే భాయ్, ఆఖిరీ సోమ్‌వార్ బోలా థా” అనడం వినపడింది.

“హవ్ సాహెబ్, ఆజే హే” అన్నాడతను. ఇవాళేగా అని.

“ఆజ్ నహీ. జావ్, జావ్.”

గంటలు చాలాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా వెనక్కి వెళ్ళాయి. మావారు నవ్వుకుంటూ వసారా వైపు వచ్చి, “ఇంకా రెండు సోమవారాలున్నాయని తెలీదు పాపం, పొద్దున్నే ఎడ్లను కడిగి బొట్లెట్టి మరీ తోలుకొచ్చేడు” అన్నారు. నేనూ నవ్వాను. ఎడ్లకు బొట్లు పెట్టి తెచ్చిన మనిషిని చూసి నవ్వామని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

పున్నమి అలా నా చాప మీదే వెళ్ళిపోయింది. మేళాకు వెళ్ళే బళ్ళ చప్పుడు రోజంతా విన్నాను. మన రోజు ముందుంది కదా అని ఊరుకున్నాను.

ఆఖరి వారం అత్తగారు అరటి దొప్పలు పంపారు. తడి గోనెలో చుట్టి, తెలిసిన గార్డు ఒకాయనకు ఇచ్చి రైల్లో పంపారు. అరటి మాను పొరను జానెడు ముక్కలుగా కోసి, అందులో ప్రమిద పెట్టి నీటి మీద వదిలితే పడవలా పోతుంది. ఎనిమిది దొప్పలు పంపితే దారిలో ఎండి చిట్లినవి పోగా మూడు మిగిలాయి. వాటిలో ఒకటి మా పెద్దపిల్ల గంగాళంలో వదలడం నేర్చుకోవడానికి పోయింది. రెండు చేతుల్తో పట్టుకుని, నీళ్ళకు ఆనించి, మెల్లిగా వదలాలి. వారం రోజులు నేర్పాను. అది పట్టుకోవడం చక్కగా పట్టుకునేది. వదలమంటే వదిలేది కాదు.

“వదులమ్మా.”

“వదిల్తే పోద్ది కదా.”

“పోవాలనే కదే వదలడం!”

“మరెందుకు చెయ్యడం?” అనేది. దొప్ప పట్టుకుని గంగాళం చుట్టూ తిరిగేది. దాని తమ్ముడు, మూడేళ్ళవాడు, అదే గంగాళంలో నా కవ్వం తేలేశాడు.

ఆదివారం పొద్దుటి నుంచీ నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. చింతపండు నానబెట్టి పులుసు కాచాను. చేగోడీలు వేయించి డబ్బాలో పోసి, డబ్బా అటక మీదకు ఎక్కించాను. ఎక్కిస్తుండగానే పిల్లాడు చూశాడు. చంటిదానికి ఎనిమిదో నెల. దాని ఉగ్గు గిన్నె, పక్కగుడ్డలు, దారిలో చెట్టుకు ఉయ్యాల కట్టడానికి ఒక పాత చీర, అన్నీ ఒక మూటలో పెట్టాను. గంటకొకసారి ఆ మూట విప్పి దేనికోసమో వెతకాల్సి వచ్చేది. పెద్దదానికి జ్వరంలో రాలిన జుట్టు అప్పుడప్పుడే బొటనవేలంత మొలిచింది. దానికి జడ కావాలి, జడకు రిబ్బను కావాలి. జడెక్కణ్ణించి తేను? రిబ్బను తల చుట్టూ తిప్పి చెవి పక్కన ముడేస్తే అద్దంలో చూసుకుని, “ఇది జడ కాదు, కట్టు” అంది. నిజమే, దెబ్బ తగిలిన పిల్లలా కనపడింది. విప్పేశాను. విప్పేసినందుకు ఏడ్చింది.

అన్నిటికన్నా తీర్థంలో పిల్లలు తప్పిపోతారేమోనన్న భయం ఒకటి నన్ను పీకేది. పెద్దదానికి హిందీలో ఇంటి గుర్తు చెప్పడం నేర్పుతున్నాను.

“తప్పిపోతే ఏమని చెప్తావు?”

“హమ్ రేల్ మే రహతా హై.”

మంచం మీద పడుకున్న మావారు పకపక నవ్వారు. “రైల్లో ఉంటానంటే రైలెక్కించేస్తారే నిన్ను! పిల్లకి నువ్వు నేర్పకే బాబూ.”

పిల్లాడికైతే మాటలే సరిగ్గా రావు. వాడి చొక్కాకు గుర్తు కుట్టాలని తెల్లగుడ్డ ముక్క మీద సిరాతో రాశాను: ‘రైల్వే గార్డుగారి అబ్బాయి. రైల్వే కాలనీ. మావాడే.’ కలం గుడ్డకు తట్టుకుని సిరా చిమ్మి, నా చేతి నిండా అయింది. మావారు లేచి వచ్చి ఆ గుడ్డ చదివారు.

“బాగుంది. తెలుగు చదవడం వచ్చిన దొంగైతే తిన్నగా తెచ్చి అప్పజెప్తాడు.”

నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ ఊళ్ళో నా అక్షరాలు ఎవరు చదువుతారు? ఏడుపొచ్చినంత పనైంది. “మీరే రాసివ్వండి మరి, హిందీలో.”

“స్నానం చేసొచ్చి రాస్తాన్లే” అని ఆయన నూతి వైపు వెళ్ళారు.

అప్పుడే రౌతాయిన్ సాయంత్రం పాలకు వచ్చింది. నేను చెంబు తెచ్చి, గుర్తు చేయాలని, “సోమ్‌వార్. సుబే. గాడీ” అన్నాను. ఆవిడ నా ముఖంలోకి అదోలా చూసి, “కాతిక్ త సిరా గే బాయీ” అంది.

నేను నా చెయ్యి చూసుకున్నాను. వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. ఓహో, చేతికి సిరా అంటిందంటోంది కాబోలు, పాపం ఎంత పట్టింపుగా చెప్పింది అనుకుని, “హా, హా, సిరా, సిరా” అంటూ చెంగుతో తుడుచుకున్నాను. సిరా చెంగుకూ అయింది. రౌతాయిన్ ముందు నోరు తెరిచి చూసి, తర్వాత కడవ పక్కన పెట్టి కూర్చుని నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం హాయిగా నవ్వుకున్నాం, ఒకరి నవ్వు సంగతి ఒకరికి తెలియకుండా.

మావారు స్నానం చేసి వచ్చేసరికి స్టేషను నుంచి పిలుపు వచ్చి ఉంది. ఎవరో గార్డుకు జ్వరమట. వెంటనే డ్యూటీకి రమ్మని.

“సెలవిచ్చేరన్నారు కదండీ!”

“ఇచ్చేరు. మళ్ళీ తీసుకున్నారు. సరుకు బండి కదలకపోతే ఊరుకుంటారేటి? నువ్వు వెళ్ళిపో. బండివాడు ఎరిగినవాడే. తొందరగా దిగితే నేరుగా ఘాట్‌కే వచ్చేస్తాను.”

“నేనొక్కర్తినా?”

“ముగ్గురున్నారు కదే తోడు” అని ఆయన చేతిదీపం, జెండాలు ఉన్న పెట్టె పట్టుకుని వెళ్ళిపోయారు. గుడ్డ మీద హిందీలో రాయడం ఆయనా మరిచారు, నేనూ మరిచాను. నా తెలుగు గుడ్డే పిల్లాడి చొక్కాకు కుట్టేశాను. ఆ దేవుడికి చదవడం వచ్చు కదా అనుకున్నాను.

సోమవారం కోడికూతకు లేచాను. తలకు పోసుకుని, అన్నం వార్చి పులిహోర కలిపి, పెరుగన్నం కలిపి, విస్తళ్ళు కట్ట కట్టాను. నాకు ఉపవాసం, చుక్కలు చూసేదాకా మంచినీళ్ళే. పెద్దవాళ్ళిద్దర్నీ లేపి నీళ్ళు పోశాను. చంటిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పోస్తుంటే పిల్లాడు తడి ఒంటితో పొయ్యి దగ్గరికి పరుగెత్తి బూడిద పూసుకున్నాడు. వాడికి మళ్ళీ పోశాను. ముగ్గురికీ కాటుక పెట్టి, అరికాలిలో దిష్టిచుక్క పెట్టి, పెద్దదానికి కొత్త పరికిణీ కట్టాను. దాని ఒంటిమీద అది నిలవకపోతే నడుముకు తాడు బిగించాను. గుమ్మంలో వరసగా మూట, విస్తళ్ళ కట్ట, అన్నం గిన్నెలు, దీపం బుట్ట. బుట్టలో ప్రమిదలు, నెయ్యి, వత్తులు, అగ్గిపెట్టె, ఆ రెండు దొప్పలు.

అప్పుడు కూర్చున్నాం.

ఎండ ఎదురింటి కప్పు మీదకు వచ్చింది. గోడ దిగింది. మా గుమ్మంలోకి వచ్చింది. పిల్లాడు చేగోడీలకోసం ఏడిచి, డబ్బా దింపిస్తే నాలుగు తిని, నీళ్ళు తాగి, చొక్కా ముందంతా తడుపుకున్నాడు. ‘మావాడే’ అన్న అక్షరాలు కరిగి చారలయ్యాయి. చంటిది పక్క తడిపింది. మూట విప్పాను. మళ్ళీ కట్టాను.

“అమ్మా, బండేదీ?”

“వస్తుంది.”

“ఎక్కడుంది?”

“దారిలో ఉంటుందమ్మా.”

“దారి ఎక్కడుంది?”

ఎడ్ల గంటలు వినపడితే లేచేదాన్ని. ఇంకెవరివో అయ్యేవి.

చివరికి రౌతాయిన్ పాలకడవతో వచ్చింది. మమ్మల్ని చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. “కహాఁ జాథవ్ బాయీ?” ఎక్కడికి బయల్దేరారని.

“ఘాట్! గాడీ కహాఁ?” అన్నాను.

ఆవిడ కడవ దింపింది. నవ్వలేదీసారి. చేతులు గుండ్రంగా పట్టి నిండు చంద్రుణ్ణి చూపించి, “పున్నీ” అంది. తర్వాత అరచెయ్యి తిరగేసి, నీళ్ళమీద ఏదో వదిలి తోస్తున్నట్టు ముందుకు జరిపి, “కాతిక్ సిరా గే. అగ్ఘన్ లగ్ గే” అంది. వాళ్ళాయన ఎడ్లతో పొలానికి పోయాడంది: “ధాన్ లూయే బర్ గే హే.” కొడవలితో వరి కోస్తున్నట్టు చేత్తో చూపించింది.

సిరా గే అంటే అయిపోయింది అని.

ఆ చెయ్యి చూశాక నెమ్మదిగా తెలిసింది నాకు. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. వాళ్ళకు పున్నమితోనే ముగిసిపోతుంది. నా కార్తీకం ఇంకా మిగిలి ఉంటే, గేటు అవతల అప్పుడే మార్గశిరం, వాళ్ళ అగ్ఘన్, నడుస్తోంది. ఆఖరి సోమవారానికి రమ్మంటే ఆ బండతను సరిగ్గా ఆఖరి సోమవారానికే వచ్చాడు, ఎడ్లకు బొట్లు పెట్టుకుని. మేమే పంపేశాం. మేళా కూడా ఎప్పుడో అయిపోయింది. నిన్న ఆవిడ నాకు అదే చెప్తే నేను చెంగుతో చెయ్యి తుడుచుకున్నాను.

ఆవిడ పాలు పోసి మిగతా ఇళ్ళకు వెళ్ళింది. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. మా కార్తీకంలో ఇక సోమవారం లేదు. ఆయన ఎప్పుడు వస్తారో తెలీదు. వరసలో ఎవరింట్లోనైనా మగవాళ్ళని అడుగుదామంటే అందరూ డ్యూటీల మీద ఉన్నారు. చంటిదాన్ని చంకనెత్తుకుని, దీపం బుట్ట భుజాన వేసుకుని, పిల్లాణ్ణి ఒక చేత్తో పట్టుకుని, పెద్దదాన్ని నా కొంగు పట్టుకోమని, అన్నం గిన్నెలు అక్కడే వదిలేసి, స్టేషను దగ్గర టాంగాలు నిలబడే చోటికి నడిచాను. నా అంతట నేను ఆ దారిన నడవడం అదే మొదలు.

టాంగా అతను బీడీ తీసి నన్ను, పిల్లల్ని, బుట్టని చూశాడు. “మహాదేవ్ ఘాట్? మేళా తో ఖతమ్ హో గయా మాజీ” అన్నాడు, తీర్థం అయిపోయిందని. నాకప్పుడు ఇరవై మూడు. ముసలమ్మను పిలిచినట్టు పిలిచాడు. తర్వాత ఏదేదో చెప్పాడు. మెయిలు బండి వచ్చే వేళైందని, అక్కడ తిరుగు సవారీ దొరకదని అంటున్నాడని మాత్రం తెలిసింది. బతిమాలడానికి నాకు మాటలు కావాలి. పాలకు, కూరకు నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. “లడ్‌కీ... బుఖార్...” అన్నాను, పిల్లకు జ్వరం వచ్చి తగ్గిందని చెప్పాలని.

“అస్పతాల్ ఉధర్ హై” అని ఆసుపత్రి వైపు చెయ్యి చూపించాడు, ఎంతో మర్యాదగా.

అంతలో మెయిలు కూసింది. పిల్లాడు రైలు చూస్తానని నేల మీద పడి దొర్లాడు. టాంగాలన్నీ అటు కదిలిపోయాయి. నేను మా ముగ్గురితో, బుట్టతో, ఎండలో నిలబడి ఉన్నాను. పెద్దది నా కొంగు లాగి, “అమ్మా, మనం తప్పిపోయేమా?” అని అడిగింది.

“లేదమ్మా” అన్నాను. నాకే నమ్మకం లేదు.

ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడ్డాను. చీమలు పులిహోర గిన్నెకు దారి వేసుకున్నాయి. దులపడానికి కూడా లేవలేదు. నేనేమీ గొప్పది అడగలేదు కదా స్వామీ, ఇచ్చినందుకు దణ్ణం పెడతానన్నాను, అంతే కదా, ఆ దణ్ణం పెట్టనివ్వకపోతే ఎలా అనుకున్నాను. అనుకున్నందుకు లెంపలేసుకున్నాను. నన్ను చూసి పిల్లాడు కూడా లెంపలేసుకున్నాడు.

పాలన్నీ పోసేసి, ఖాళీ కడవ తలమీద పెట్టుకుని రౌతాయిన్ మళ్ళీ మా గేటు తోసింది. ఆవిడ ఇంటికి దారి అటు కాదు. “ఝన్ రో బాయీ” అంది. ఏడవకు అని. బుట్టలోని దొప్ప, వత్తి చూసింది. పెద్దదాన్ని చూసింది. ఆ జ్వరం రోజుల్లో బార్లీ నీళ్ళలో కలపడానికి పాలు పలచన చెయ్యకుండా పోసిన మనిషి ఆవిడ. ఆ సంగతి నేనెప్పుడూ మరిచిపోలేదు.

“ఖారున్ దూరిహా హే. తరియా తీర్ మా హే. చల్.” నది దూరం, చెరువు దగ్గర, పద అంటోంది.

నేను తల అడ్డంగా తిప్పాను. “నదీ. నదీ బోలా” అని ఆకాశం వైపు చూపించాను. ఆవిడ ఆకాశం వైపు ఒకసారి చూసి, గబగబా ఏదో అంది. నాకు సగమే అందింది. తర్వాత మావారి చేత అడిగించి తెలుసుకున్నాను. నెలంతా తెల్లవారుజామున స్నానం చేసి తను దీపాలు చెరువులోనే వదిలిందట, ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదట.

ఇంకేమీ అనకుండా మా పిల్లను ఎత్తి చంకన వేసుకుంది, తలమీద కడవ అలాగే ఉండగా. జ్వరంలో అది ఎంత తేలికైపోయిందో మళ్ళీ చూశాను. మిగతా ఇద్దరితో వెనకాల నడిచాను.

కాలనీ వెనక చెరువు అది. ఒక పక్క రాళ్ళ మీద బట్టలు ఉతుకుతున్నారు, ఇంకో పక్క గేదెలు. అవతల తామరాకులు. దీపం వదలడానికి అది వేళా కాదు, చోటూ కాదు. నేను మొక్కుకున్నప్పుడు నా కళ్ళముందున్నది నది, తెల్లవారి మంచు, ఆయన పక్కన నిలబడటం. ఇక్కడ గేదె తోక విసిరితే చినుకులు మా మీద పడుతున్నాయి. అగ్గిపుల్లలు గాలికి ఆరిపోయాయి, ఒకటి, రెండు, అయిదు. రౌతాయిన్ తన చీర చెంగు తెరలా పట్టింది. వత్తి అంటుకుంది.

దొప్ప పెద్దదాని చేతుల్లో పెట్టాను. మెట్టు మీద కూర్చోబెట్టి నడుం పట్టుకున్నాను. అది రెండు చేతుల్తో దొప్పను నీళ్ళకు ఆనించింది, నేర్పినట్టే.

“వదులమ్మా.”

వదలలేదు.

“దియా లా సిరా దే నోనీ” అంది రౌతాయిన్. దీపం నీళ్ళలో వదిలెయ్యమ్మాయ్ అని. అదే మాట! అయిపోవడానికీ, నీళ్ళలో వదలడానికీ వాళ్ళకు ఒకటే మాట.

మా పిల్ల ఆవిడవైపు తిరిగి కోపంగా, “సిరా నాన్నది. ఇవ్వరు” అంది.

“సిరా దే, సిరా దే!”

“లేదంటే లేదు! గూట్లో ఉంది!”

ఉతికేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. పిల్లాడు నేనొదుల్తా నేనొదుల్తా అని గెంతుతున్నాడు. చంటిది ఆకలికి ఏడుస్తోంది. బతిమాలాను, చేగోడీ ఇస్తానన్నాను, నాన్న వస్తే చెప్తానన్నాను. వేళ్ళు విడదీద్దామంటే, దాని చేత్తో అని కదా మొక్కాను, నేను తియ్యకూడదు. నెయ్యి అయిపోవస్తోంది. జ్వరంలో పడుకోబెట్టినప్పుడు ఎంత చేతకానిదాన్నో, లేచి కూర్చున్న పిల్ల ముందు కూడా అంత చేతకానిదాన్నే అయ్యాను.

వత్తి కొస ఒక్కసారి భగ్గుమంది. “అమ్మా!” అని అది చెయ్యి లాక్కుంది. దొప్ప కదిలి, కొంచెం ఒరిగి, నిలదొక్కుకుని, నీళ్ళ మీదకు వెళ్ళిపోయింది. రౌతాయిన్ చేతులు జోడించింది. తామరాకుల దాకా చూశాను. అక్కణ్ణించి ఎండ మెరుపులో ఏది దీపమో ఏది నీరో తెలియలేదు.

వదిలిందా, జారిందా? ఆ రోజు నుంచి నాకు తెలియని సంగతి అది. మరుసటి ఏడు పున్నమి ముందు సోమవారానికే, బండతను లెక్క ప్రకారమే, నదికి వెళ్ళి ఇంకో దీపం పెట్టాం. అయినా తెలియలేదు.

ఆ పూట చెరువు గట్టు మీదే, రౌతాయిన్ పరుగున వెళ్ళి తెచ్చిన గిన్నెల్లోంచి పిల్లలు పులిహోర తిన్నారు. చీమలు దులిపి ఆవిడకూ విస్తరి వేశాను. పులుపు నోట్లో పెట్టుకుని ఒక కన్ను మూసి, ఇంకొంచెం పెట్టమంది.

సాయంత్రం చుక్కలు పొడిచాక నేను అన్నం తింటుంటే మావారు వచ్చారు, మసి ముఖంతో. సంగతంతా విని ముందు నవ్వారు, తర్వాత మానేశారు. కాళ్ళు కడుక్కుని, సిరాబుడ్డి, కార్డు తీసుకుని చాప మీద కూర్చున్నారు.

“అమ్మకి ఏమని రాయమంటావు? నదిలో అని రాయనా, చెరువులో అని రాయనా?”

“నీళ్ళల్లో అని రాయండి” అన్నాను.

“దాని చేత్తోనేనా?”

పెద్దది చాప చివర నుంచి లేచి వచ్చి, కాలినందుకు వెన్న రాసిన చూపుడు వేలు వాళ్ళ నాన్న ముఖం ముందు పెట్టింది.

“ఇదిగో, ఈ వేలే” అంది.

ఆయన ఆ వేలు చూశారు. కలం సిరాలో ముంచి రాయడం మొదలుపెట్టారు.